ట్యాంకు అడుగున నీళ్లు: అలారం చెప్పేది, చెప్పనిది

చిట్యాల, నార్కెట్‌పల్లి మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఒక పెట్రోలు బంకులో, తొలకరి వాన పడిన మర్నాడు పొద్దున్నే, ఆఫీసు గదిలో ట్యాంకుల కొలతలు చూపే పెట్టె, అంటే కన్సోల్, ‘ట్యాంకులో నీరు’ అని మోగిందనుకుందాం. బటన్ నొక్కి దాన్ని ఆపడం క్షణం పని. అంతకంటే ముందు, భూమి లోపలి సెన్సర్ నిజానికి దేన్ని పసిగట్టిందో తెలుసుకోవాలి.

ట్యాంకులో నిలువుగా దింపిన ప్రోబ్ అనే స్టీలు కడ్డీ మీద రెండు ఫ్లోట్లు పైకీ కిందికీ కదులుతుంటాయి. ఒకటి ఇంధనం మీద తేలుతుంది. రెండోది పెట్రోలులో మునిగి నీటి మీద తేలేంత బరువుతో తయారై, ఆ రెండూ కలిసే చోట నిలుస్తుంది. కడ్డీలోని తీగ గుండా విద్యుత్ స్పందన పంపినప్పుడు, ఫ్లోట్‌లోని అయస్కాంతం ఉన్న చోట తీగ సన్నగా మెలిపడి, ఆ మెలిక ఒక అలలా సెకనుకు సుమారు 2,800 మీటర్ల వేగంతో పైకి వస్తుంది. దానికి పట్టిన సమయాన్ని బట్టి ఫ్లోట్ ఎంత లోతున ఉందో లెక్క తేలుతుంది. అంటే కన్సోల్‌కు తెలిసేది ఫ్లోట్ ఎత్తు మాత్రమే. ఫ్లోట్ అడుగున పేరుకున్న మడ్డి మీద కూర్చున్నా, జిగురు పట్టి ఇరుక్కున్నా, అది నీరనే చెబుతుంది.

అందుకే మొదటి సాక్షి డిప్ రాడ్, అంటే ట్యాంకులోకి దించి మట్టం కొలిచే కడ్డీ. దాని కొసన వాటర్ పేస్ట్ సన్నగా రాసి, అడుగు తగిలే దాకా దించి, కాసేపు ఆగి తీస్తే, నీరు తగిలిన మేర పేస్ట్ రంగు మారి గీసినట్టు ఒక అంచు కనిపిస్తుంది. ఆ ఎత్తు కన్సోల్ అంకెతో సరిపోలితే అమ్మకం ఆపి, ట్యాంకులోకి ఇంధనం దించే ఫిల్ పైపు మూత వాషర్‌తో మొదలుపెట్టి నీరు దిగిన దారి వెతకాలి. ట్యాంకర్ దించిన వెంటనే మాత్రం, లోపలి కలత తేరుకునే దాకా ఈ కొలతను నమ్మకూడదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మోగని అలారం. ఇప్పుడు మన పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీటిని తనలో కలుపుకుంటుంది కనుక కొద్దిపాటి నీరు పెట్రోలులోనే కరిగిపోయి ఏ ఫ్లోట్‌కూ అందదు. నీరు ఒక హద్దు దాటాక ఇథనాల్ పెట్రోలును వదిలి, నీటితో కలిసి అడుక్కు దిగుతుంది. ఆ పొర ఉత్త నీటికంటే తేలిక కాబట్టి, ఉత్త నీటికని తూచి చేసిన పాత ఫ్లోట్ దాని మీద తేలకపోవచ్చు. మామూలు పేస్ట్ కూడా సరిగా రంగు మారకపోవచ్చు. ఇథనాల్‌కు తగిన ఫ్లోటూ పేస్టూ వాడడం దుబారా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ అడుగు పొర బండిలోకి వెళ్తే, నడిరోడ్డు మీద ఇంజను ఆగి ఇబ్బంది పడేది కొనుక్కున్నవారే.

ప్రోబ్ నుంచి సంకేతమే రానప్పుడు, కన్సోల్ దగ్గర రెండు ట్యాంకుల వైర్లను అటుదిటు మార్చి చూస్తారు. లోపం వైరుతోపాటు కొత్త చానెల్‌కు, అంటే కన్సోల్‌లో ఆ వైరు ఇప్పుడు కలిసిన చోటుకు, వస్తే తప్పు ట్యాంకు వైపు ఉంది. పాత చానెల్‌లోనే నిలిస్తే కన్సోల్‌లో ఉంది. ట్యాంకు వైపున ముందుగా అనుమానించాల్సింది మ్యాన్‌హోల్‌లోని వైరు అతుకును. వాన నీరు నిలిచిన చోట ఆ అతుకు మీది టేపు విప్పితే, రాగి పోగులు పచ్చబారి పొడిపొడిగా రాలుతాయి. పెట్రోలు ఆవిరి నిలిచే ఆ గుంతలో నిప్పురవ్వ పుట్టనంత తక్కువ శక్తితో నడిచే ఈ వైరింగును మామూలు కరెంటు పనివారితో విప్పించకూడదు; మామూలు టార్చి, ఫోను దగ్గరికి తీసుకెళ్లకూడదు.

ఇక జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు మే నెల ఎండలో వేడెక్కి వచ్చిన 12,000 లీటర్ల పెట్రోలు, భూగర్భ ట్యాంకులో 8 డిగ్రీలు చల్లబడితే, ఒక్క చుక్క కారకపోయినా సుమారు 100 లీటర్లు తగ్గుతుంది. ప్రోబ్ పొడవునా ఉన్న ఉష్ణోగ్రత సెన్సర్లు ఆ తేడాను సర్దుతాయి. వాటిలో ఒకటి చెడితే లేని లీకేజీ ఉన్నట్టు, ఉన్న లీకేజీ లేనట్టు కనిపించవచ్చు. అలాంటప్పుడు రాత్రి అమ్మకం ఆపి గంటగంటకూ కొలత రాసుకోవాలి. ఉష్ణోగ్రత నిలకడగా ఉన్నా మట్టం దిగుతూనే ఉంటే, ట్యాంకో పైపో కారుతోందనే అనుకుని తవ్వించాలి.