వారంట్ లేని సోదా: కారణం రాయాలన్న షరతు ఎక్కడి నుంచి వచ్చింది?

మొన్న రాత్రి పదకొండు గంటలప్పుడు చంద్రగిరిలో పెళ్లి చూసుకుని నేనూ మా మేనల్లుడూ బండి మీద తిరుపతికి వస్తుంటే ఊరి మొదట్లో పోలీసులు ఆపారు. లైసెన్సు, ఆర్‌సీ అడిగారు, డిజిలాకర్‌లో చూపించాం, సరే అన్నారు. "డిక్కీ తియ్యప్పా" అంటే తీశాం. ఒక రెయిన్‌కోటు, పెళ్లిలో ఇచ్చిన తాంబూలం కవరు, పాత స్పానరు, అంతే. ఇక పోవచ్చనుకుంటుంటే ఒకాయన మావాడి వైపు తిరిగి "ఫోన్ లాక్ తీసి ఇట్లియ్యి" అన్నాడు. పంతొమ్మిదేళ్ల పిల్లోడు, చెయ్యి వణికి ప్యాటర్న్ రెండుసార్లు తప్పు గీశాడు. వాట్సాప్ తెరిచి పైకీ కిందికీ జరిపి చూసి ఇచ్చేశారు. ఇంటికొచ్చాక మా అక్క ఒక్కటే అడిగింది: "అట్లా చూసే హక్కు వాళ్లకుందా?" నాకు జవాబు తెలియలేదు. తర్వాత కూర్చుని చదివితే నూట డెబ్బై ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

1850ల్లో మా వైపు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం, విడి జిల్లా అయింది 1911లో. శిస్తు వసూలు చేసేవాళ్ల చేతుల్లోనే పోలీసు పనీ ఉన్న రోజులవి. రైతుల్ని చిత్రహింసలు పెడుతున్నారన్న ఫిర్యాదుల మీద మద్రాసు ప్రెసిడెన్సీలో వేసిన కమిషన్ 1855లో రిపోర్టు ఇచ్చింది, హింస నిజమేనని చెప్పింది. ఆ తర్వాతే 1859లో మద్రాసుకు విడిగా పోలీసు చట్టం, 1861లో మొదటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (నేరాల కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) వచ్చాయి. అంటే పోలీసుకు అధికారం ఎంత, దానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్న పుట్టిందే ఇక్కడి రైతుల్లాంటి వాళ్ల ఒంటి మీది దెబ్బల నుంచి. కానీ అదే ప్రభుత్వం 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసి, 1911లో దాన్ని మద్రాసుకూ తెచ్చింది. ఎరుకల వాళ్లలాంటి కులాల పేర్లు రిజిస్టర్లకెక్కించి, హాజరు వేయించి, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోమన్నారు. వాళ్ల విషయంలో అనుమానానికి వేరే కారణమే అక్కర్లేదు, పుట్టుకే చాలు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం దేశమంతా పోలేదు.

మిగతా జనానికి వర్తించేది 1898 కోడ్‌లోని 165వ సెక్షన్. కేసు దర్యాప్తులో ఉండి, కావలసిన వస్తువు ఫలానా చోట ఉందని నమ్మడానికి తగిన ఆధారం ఉండి, వారంట్ కోసం వెళితే ఆలస్యమైపోతుందనుకుంటే పోలీసు అధికారి నేరుగా సోదా చేయొచ్చు. 1923 సవరణతో దానికి ఒక ముఖ్యమైన మాట చేరింది: ఎందుకు నమ్ముతున్నాడో, ఏం వెతుకుతున్నాడో ముందే రాసి పెట్టాలి. ఇంత చిన్న షరతు దేనికి అనిపిస్తుంది గానీ, కారణం ముందే రాసి ఉంటే సోదాలో ఏదో దొరికాక కథ అల్లడం కుదరదు.

ఆ షరతుకు ఎంత బలముందో రాజస్థాన్‌లోని ఒక పొగాకు రైతు కేసు చూపించింది. ఎక్సైజ్ అధికారి కారణాలు రాయకుండానే ఇల్లు సోదా చేయబోతే రెహమాన్ అనే ఆ రైతు అడ్డుకున్నాడు, విధులకు ఆటంకం కలిగించాడని కేసు పెట్టారు. కారణాలు రాయని సోదా చట్టప్రకారం జరిగిన సోదా కాదని, అడ్డుకోవడం నేరం కాదని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు 1960 నాటి తీర్పుల సంకలనాల్లో ఉంది.

అయితే ఇంకో వైపు చూస్తే బాధేస్తుంది. 1954లో ఎం.పి. శర్మ కేసులో ఎనిమిది మంది సుప్రీంకోర్టు జడ్జీలు, సోదాల నుంచి కాపాడే గోప్యత హక్కు అమెరికా రాజ్యాంగంలో ఉన్నట్టు మన రాజ్యాంగంలో లేదన్నారు. తర్వాత పూరణ్ మల్ కేసులో, సోదా అక్రమమైనా అందులో దొరికింది సాక్ష్యంగా పనికొస్తుందన్నారు. ఈ రెండో మాట ఇప్పటికీ నిలిచే ఉంది. తప్పు దారిలో తెచ్చినా సరుకు చెల్లుతుందంటే దారి గురించి ఎవరు పట్టించుకుంటారు?

మన రాష్ట్రం నుంచే ఒక మంచి మలుపు వచ్చింది. 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపు చట్టంలో 73వ సెక్షన్‌ను సవరించి, కలెక్టరు రాసిస్తే చాలు ఎవరైనా వెళ్లి ఎక్కడైనా, బ్యాంకులో అయినా సరే, కాగితాలు చూసి స్వాధీనం చేసుకునేలా చేశారు. కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కాగితాలు బ్యాంకులో ఉన్నా మనిషి గోప్యత పోదని, అంత హద్దులేని అధికారం చెల్లదని చెప్పింది. 2017లో తొమ్మిది మంది జడ్జీలు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు, గోప్యత హక్కు లేదన్న ఎం.పి. శర్మ తీర్పులోని మాట కూడా పోయింది.

ఇక గంజాయి విషయానికొస్తే మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది. దారిలో, బస్టాండులో, బండిలో వారంట్ లేకుండా వెతికే అధికారం అందులో ఉంది. కానీ ఒంటి మీద వెతకాలంటే ముందు ఆ మనిషికి చెప్పాలి, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో సోదా చేయించుకునే హక్కు నీకుందని. చెప్పడం తప్పనిసరని 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మళ్లీ గట్టిగా చెప్పింది. చేతిలోని సంచికి ఇది వర్తించదు, ఒంటికే. ఆడవాళ్లను ఆడవాళ్లే సోదా చేయాలి.

మన దగ్గర దీనికి ఎర్రచందనం కలిసింది. అటవీ చట్టం కింద దుంగల్నీ, వాటిని మోసే బండినీ పట్టుకునే అధికారం అటవీ సిబ్బందికీ పోలీసులకూ ఉంది, స్మగ్లింగ్ మీద నిజంగానే కొట్లాడాలి, శేషాచలం అడవి మనది. కానీ 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో 20 మంది తమిళనాడు కూలీలు కాల్పుల్లో చనిపోయాక, కొందరిని ముందే బస్సులోంచి దించి తీసుకెళ్లారని వాళ్ల వాళ్లు ఆరోపించారు. బస్సు ఆపి చూడటం ఎక్కడి దాకా పోగలదో అనిపించి అది చదివిన రోజు నిద్ర పట్టలేదు.

అలిపిరి తనిఖీని మాత్రం దీంతో కలపకూడదు. 2003 అక్టోబరు 1న అక్కడ అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద మందుపాతరలు పేల్చారు. మందు, మాంసం, సిగరెట్లు కొండమీదికి పోకూడదు. బ్యాగు స్కానర్‌లో పెట్టడం కొండెక్కడానికి అందరికీ ఒకేలా ఉన్న నియమం, అది అందరికీ ముందే తెలుసు. రోడ్డు మీద ఒక్క మనిషిని ఎంచుకుని ఆపడం వేరు. బండి కాగితాలు చూపించమని మోటారు వాహనాల చట్టం చెబుతుంది, నిజమే, కానీ ఫోన్ లాక్ తీయమని ఆ చట్టంలో ఎక్కడా లేదు. 2021లో హైదరాబాదు రోడ్ల మీద గంజాయి పేరుతో ఫోన్లు తెరిపించి చూసిన వీడియోలు బయటికొచ్చినప్పుడు కూడా ఇదే ప్రశ్న లేచింది.

1898 కోడ్ స్థానంలో వచ్చిన 1973 కోడ్ కూడా 2024 జూలై 1 నుంచి పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. 165 ఇప్పుడు 185. కారణాలు కేసు డైరీలో రాయాలి, 48 గంటల్లోపు నకలు మేజిస్ట్రేటుకు చేరాలి, సోదాను వీడియో తీయాలి. ఇంటి సోదాకు ఆ ప్రాంతపు మనుషులిద్దరు సాక్షులుగా ఉండాలి, మన వైపు మధ్యవర్తుల రిపోర్టు అంటారే, అది వాళ్ల ముందు రాసేదే. అయితే ఇవన్నీ కేసు ఉండి, దర్యాప్తు నడుస్తున్నప్పటి మాట. మమ్మల్ని ఆపిన రాత్రి కేసు లేదు, డైరీ లేదు, కెమెరా లేదు, మధ్యవర్తులు లేరు.

మావాడు మర్నాడు పొద్దున్నే వాట్సాప్ గ్రూపులన్నీ తీసేశాడు. వాటిలో ఉన్నవి కాలేజీ నోట్సు, ఆదివారం క్రికెట్‌కి ఎవరెవరు వస్తారన్న లిస్టు.