విశ్వాసం, వినయం, నాయకత్వం: ఆసుపత్రుల్లో వినిపించే అపోహలు

ఆసుపత్రుల్లో కొత్తగా నిర్వహణ బాధ్యతలు చేపట్టేవారికి శిక్షణ ఇవ్వడం నా పని. ప్రతి బ్యాచ్‌లోనూ ఈ మాటలే వింటుంటాను.

అపోహ: దేవుడిపై భారం వేసేవారు లెక్కలు చూడరు.

వాస్తవం: డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి శ్రీ అరవిందుల అనుయాయి. ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి ప్రారంభించారు. కీళ్లవాతంతో వంకరపోయిన వేళ్లతోనే శుక్లాల ఆపరేషన్లు చేశారు. డబ్బు కట్టే రోగుల రాబడితో పేదలకు ఉచితంగా వైద్యం అందాలంటే ఖర్చు మీద గట్టి పట్టు ఉండాలి. అందుకే సర్జన్ ఒక ఆపరేషన్ ముగించేసరికి పక్క బల్ల మీద తర్వాతి రోగిని సిద్ధంగా ఉంచే పద్ధతి పెట్టారు. శుక్లాల ఆపరేషన్‌లో కంట్లో అమర్చే దిగుమతి లెన్సులు భారం కావడంతో 1992లో ఆరోలాబ్ అనే తమ తయారీ సంస్థలో సొంతంగా తయారీ మొదలుపెట్టారు. ధ్యానం చేసే మనిషి రూపాయి రూపాయికీ లెక్క అడగడం కొందరికి మింగుడుపడదు. ఉచితమని మాట ఇచ్చాక అడగక తప్పుతుందా?

అపోహ: వినయమంటే మెత్తగా మాట్లాడటం.

వాస్తవం: మెత్తగా మాట్లాడుతూనే ఎవరి మాటా వినని పెద్దమనుషులు మా రంగంలో కావలసినంత మంది. నేను చూసేది ఒకటే: కిందివారు ఆపితే ఆగుతారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన శస్త్రచికిత్సల చెక్‌లిస్టు దీన్ని నియమంగానే పెట్టింది. కోతకు ముందు థియేటర్‌లోని అందరూ తమ పేరు, బాధ్యత చెప్పుకోవాలి. రోగి ఎవరో, కోత ఎక్కడో సరిచూసుకోవాలి. చివర్లో పరికరాలు, సూదులు, రక్తం అద్దిన గుడ్డల లెక్కను నర్సు పైకి చెప్పాలి. లెక్క కుదరకపోతే ఎంత పేరున్న సర్జనైనా ఆగాల్సిందే. ఢిల్లీ సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని అమలు చేసినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. ఆపరేషన్ అయ్యాక కూర్చుని టిక్కులు పెట్టేచోట మాత్రం (అలాంటివి తక్కువేమీ కాదు) ఇదంతా కాగితం దండగ.

అపోహ: వినయం గలవారికి పెద్ద ఆశయాలుండవు.

వాస్తవం: నివారించదగిన అంధత్వాన్ని రూపుమాపాలన్నది వెంకటస్వామి లక్ష్యం. ఇంతకన్నా పెద్దది ఏముంటుంది? ఇప్పుడు తిరుపతిలోనూ ఆ ఆసుపత్రి ఉంది.

అపోహ: నాయకుడి విశ్వాసం సిబ్బందికీ ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు. మీ విశ్వాసం సిబ్బందిపై బరువుగా పడుతోందా అని అనుమానముంటే ఏడాది డ్యూటీ చార్టులు తిరగేయండి. దసరా, రంజాన్, క్రిస్మస్ రాత్రుల డ్యూటీలు ఎవరికి పడ్డాయో చూడండి. వార్డులో అందరికీ అది ఎప్పుడో తెలుసు.