బెంగళూరు వంటింట్లో పంచదార చిలకలు

భోగికి రెండు రోజుల ముందు రాత్రి మా ఇంట్లో ఒక బకెట్టు నిండా కొయ్య అచ్చులు నీళ్ళలో నానుతుంటాయి. పైకి తేలకుండా వాటిమీద రుబ్బురోలు పొత్రం పెడతాం. చిలక, ఏనుగు, గోపురం, తులసికోట: ఒక్కో బొమ్మకు రెండేసి పలకలు, వాటి లోపలి ముఖాల మీద తొలిచిన సగం సగం ఆకారాలు. సంక్రాంతి నాడు బొమ్మల కొలువు పేరంటానికి వచ్చే ప్రతి ఒక్కరి చేతిలో ఒక పొట్లం పెట్టాలి. అందులో పసుపు, కుంకుమ, తాంబూలంతో పాటు ఇంట్లో పోసిన పంచదార చిలక ఉండాలి.

కాకినాడలో మా అమ్మ చేసిన పనే ఇది. పెళ్ళి సారెలో పంచదార చిలకలు లేకపోతే అక్కడ సారెకు నిండుదనం రాదు. బసవనగుడిలో కాపురం పెట్టాక తెలిసింది, ఈ ఊరికీ ఇదే ముచ్చట ఉందని. సంక్రాంతికి కన్నడ ఇళ్ళ ఆడవాళ్ళు నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, పల్లీలు, పుట్నాలు కలిపి పంచిపెడతారు. దాన్ని ఎళ్ళు బెల్ల అంటారు. పక్కనే తెల్లని చక్కెర బొమ్మ ఒకటి, సక్కరె అచ్చు. ‘ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడి’ అంటూ ఇస్తారు, నువ్వులు బెల్లం తిని మంచి మాట మాట్లాడండి అని. ఆ వారమంతా గాంధీబజారులో, మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులో ఈ బొమ్మలు రాశులుగా పోసి అమ్ముతారు. కొనుక్కోవచ్చు. కానీ పాకం గట్టి బొమ్మగా మారే ఆ ఒక్క నిమిషాన్ని కళ్ళారా చూడాలంటే ఇంట్లో పోసుకోవాల్సిందే. ఆ నిమిషంలో భౌతికశాస్త్రం చాలానే ఉంది.

మొదటి ఏడాది నేను పోసిన చిలకలు గిన్నెలోనే ఆగిపోయాయి. ఒక వంటకంలో 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర పాకం దించమని ఉంది. అంకెను నమ్మి, కొత్తగా కొన్న థర్మామీటరు పెట్టి, సరిగ్గా 115 చూసి దించాను. నాలుగు తిప్పులు తిప్పేసరికి పాకమంతా గరిటె చుట్టూ రాయిలా బిగుసుకుపోయింది. అచ్చుల్లో ఒక్క బొట్టూ పడలేదు. ఫోనులో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: “పళ్ళెంలో నీళ్ళు పోసి చూశావా?”

లేదు. తప్పు అక్కడే జరిగింది. థర్మామీటరు చెడిపోలేదు, వంటకంలోని అంకె కూడా తప్పు కాదు. అది సముద్రమట్టపు ఊరి అంకె. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, కాకినాడలో 100 డిగ్రీలకు మరిగే నీళ్ళు ఇక్కడ దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. ఆ మూడు డిగ్రీల తేడా పాకానికి చాలా పెద్దది.

ఎందుకో చెప్పాలంటే పాకం అనే పదార్థాన్ని కాస్త దగ్గరగా చూడాలి. నీళ్ళలో చక్కెర కరిగాక నీటి అణువులు ఆవిరై పైకి పోవడం కష్టమవుతుంది, చక్కెర అణువులు వాటిని పట్టి ఉంచుతాయి. అందుకే పాకం మామూలు నీళ్ళ కంటే ఎక్కువ వేడి దగ్గర మరుగుతుంది. నీరు పోయేకొద్దీ పాకం చిక్కబడుతుంది, చిక్కబడేకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది. అంటే మరుగుతున్న పాకం ఎంత వేడిగా ఉందో తెలిస్తే, అందులో ఇంకా ఎంత నీరు మిగిలిందో తెలిసినట్టే. సముద్రమట్టంలో 112 డిగ్రీల దగ్గర పాకంలో సుమారు 80 శాతం చక్కెర ఉంటుంది. అది తీగ పాకం. 115 దగ్గర సుమారు 85 శాతం, అది మెత్తని ఉండ పాకం. 120 దగ్గర ఉండ గట్టిబడుతుంది. 150 చేరేసరికి 99 శాతం చక్కెరే, ఆ బొట్టును చల్లార్చి కంచానికేసి కొడితే ఖంగుమంటుంది. బెంగళూరులో ఈ నిచ్చెన మెట్లన్నీ మూడేసి డిగ్రీలు కిందికి జరుగుతాయి. ఇక్కడ నేను 115 వరకు కాచిన పాకం నిజానికి అక్కడి 118 పాకం. నీరు అవసరమైనదాని కంటే తగ్గిపోయింది.

ఇంకో సంగతి ఉంది. నీరు చివర్లో కొద్దికొద్దిగా పోతుంది, మెట్లు మాత్రం గబగబా దాటిపోతాయి. కిలో చక్కెరకు 400 గ్రాముల నీళ్ళు పోసి మొదలుపెట్టామనుకుందాం. 80 శాతానికి రావడానికి 150 గ్రాముల నీరు ఆవిరి కావాలి. అక్కడి నుంచి 85 శాతానికి సుమారు 74 గ్రాములు పోతే చాలు. 95 నుంచి 99కి మధ్య దూరం 43 గ్రాములే, అంటే మూడు పెద్ద చెంచాల కంటే తక్కువ నీళ్ళు. ముదురు పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు అటూ ఇటూ చూడకూడదని పెద్దవాళ్ళు అన్నది ఇందుకే.

ఇప్పుడు అమ్మ పళ్ళెం దగ్గరికి వద్దాం. చన్నీళ్ళున్న పళ్ళెంలో పాకం బొట్టు వేస్తే అది క్షణాల్లో ఆ నీళ్ళంత చల్లబడుతుంది. పొయ్యి మీద అదే పాకం బెంగళూరులోలా 112లో ఉందా, కాకినాడలోలా 115లో ఉందా అన్నది ఇక లెక్కలోకి రాదు. చల్లబడిన బొట్టు చెదిరిపోతుందా, తీగ సాగుతుందా, ఉండ కడుతుందా అన్నది అందులో మిగిలిన నీటి పాలును బట్టే ఉంటుంది. అంటే ఈ పరీక్ష వేడిని కొలవడం లేదు, గాఢతను నేరుగా కొలుస్తోంది. గాలి ఒత్తిడితో దీనికి పనిలేదు. కాకినాడలో నేర్చుకున్న చేయి బెంగళూరులోనూ, ఊటీలోనూ అదే తీర్పు చెబుతుంది. అంకెలు చూపే పరికరం కొండెక్కితే సవరణ కావాలి, పళ్ళెంలోని బొట్టుకు అక్కరలేదు. మన వంటింటి పద్ధతులన్నీ శాస్త్రీయమని నేను వాదించను, కానీ ఇది నిక్కచ్చిగా శాస్త్రీయం. ఒక్క జాగ్రత్త ఉంది. జనవరిలో బెంగళూరు కుళాయి నీళ్ళు చల్లగా ఉంటాయి, ఆ చలికి బొట్టు ఉన్నదానికంటే కాస్త గట్టిగా తోస్తుంది. అందుకని ఎప్పుడూ గది వేడిలో నిలవ ఉంచిన నీళ్ళనే వాడతాను. థర్మామీటరునూ పక్కన పెట్టలేదు. ముందు దాన్ని మరిగే నీళ్ళలో ముంచి ఎంత చూపుతుందో చూసి, వందకు ఎన్ని డిగ్రీలు తగ్గితే వంటకంలో అన్ని డిగ్రీలు తగ్గించుకుంటాను.

పాకం సరిగ్గా వచ్చాక అసలు కథ మొదలవుతుంది. గది వేడి దగ్గర 100 గ్రాముల నీళ్ళు సుమారు 200 గ్రాముల చక్కెరనే కరిగించుకోగలవు. ఉండ పాకంలో 100 గ్రాముల నీటికి 560 గ్రాముల పైచిలుకు చక్కెర ఉంటుంది. చల్లారే పాకం మోయలేని బరువు మోస్తోందన్నమాట. చక్కెర అణువులు బయటపడి వరుసలు కట్టడానికి సిద్ధంగా ఉంటాయి, కానీ మొదటి వరుస ఎక్కడో ఒకచోట మొదలుకావాలి. గిన్నె అంచుకు అంటుకున్న ఒక్క చక్కెర పలుకు చాలు, దాన్ని పట్టుకుని మిగతావి పేరుకుంటాయి. అందుకే కాచేటప్పుడు అంచులను తడిబట్టతో తుడవాలి, లేదా కాసేపు మూత పెట్టాలి. ఆవిరి నీరై జారి అంచును తనే కడుగుతుంది.

కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే కొద్ది చోట్ల మొదలైన పలుకులే పెరిగి పెద్దవవుతాయి. కలకండ అలాంటిదే, అందులో కనిపించే దారం ఆ పలుకులు పుట్టిన చోటు. చిలకకు కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. ఒకేసారి లక్షల చోట్ల పలుకులు పుట్టాలి, అప్పుడే ఒక్కోటీ పిసరంతగా ఆగిపోయి బొమ్మ నున్నగా వస్తుంది. అందుకు పాకాన్ని గరిటె వెనుక భాగంతో గిన్నె గోడకేసి రుద్దుతారు. రాపిడికి సన్నని పలుకులు పుడతాయి, గరిటె వాటిని పాకమంతటా చల్లుతుంది. అద్దంలా ఉన్న పాకం చూస్తుండగానే పాలలా మారుతుంది. చక్కెరకు తెలుపు రంగు అంటూ లేదు. లెక్కలేనన్ని చిన్న పలుకుల ముఖాల మీద వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. అప్పటివరకు చల్లారుతున్న పాకం అదే క్షణంలో కాస్త వెచ్చబడుతుంది కూడా, అణువులు వరుసలో కుదురుకునేటప్పుడు వేడిని వదులుతాయి కాబట్టి. తెల్లబారిందంటే వెంటనే అచ్చులో పోయాలి. ఆ వ్యవధి చాలా చిన్నది, అందుకే ఒకేసారి గిన్నెడు కాకుండా కప్పుడు కప్పుడు చొప్పున రుద్దుతాం.

కాచేటప్పుడు రెండు చెంచాల పాలు పోయడం తెలుగిళ్ళలోనూ కన్నడ ఇళ్ళలోనూ ఉన్న అలవాటే. వేడికి పాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి, చక్కెరలోని మురికిని చుట్టుకుని నురగగా పైకి తేలుతాయి. ఆ నురగ తీసి, పాకాన్ని పలుచని గుడ్డలో వడకడితే బొమ్మ మల్లెపువ్వంత తెల్లగా వస్తుంది.

నిమ్మరసం సంగతి మాత్రం సున్నితం. చక్కెర అణువులో గ్లూకోజు, ఫ్రక్టోజు అతుక్కుని ఉంటాయి. పులుపు, వేడి కలిస్తే ఆ అతుకు విడిపోతుంది. విడిపోయిన ముక్కలు చక్కెర వరుసల్లో ఇమడవు, అడ్డుపడతాయి. రెండు మూడు చుక్కలైతే పలుకులు పెద్దవి కాకుండా ఆపి మేలు చేస్తాయి. చెంచాడు పోస్తే పాకం ఎంత రుద్దినా జిగటగానే ఉండిపోతుంది.

తడి అచ్చుల రహస్యం తేలికే. కొయ్య నారల్లో ముందే నీరు నిండి ఉంటే పాకం లోపలికి ఇంకదు, నారలు ఉబ్బి పలకల మధ్య సందు మూసుకుంటుంది. పైనున్న పలుచని తేమ పొర వల్ల బొమ్మ అంటుకోకుండా ఊడివస్తుంది. రాత్రంతా నానకపోతే చిలక ముక్కు అచ్చులోనే ఉండిపోతుంది.

చక్కెరకు ఇంకో దారీ ఉంది. పాకాన్ని 150 దాకా కాచి, అణువులు వరుసలు కట్టేలోపే చల్లార్చేస్తే అది గాజవుతుంది. పిల్లలు చప్పరించే పుల్లమిఠాయి అచ్చంగా చక్కెర గాజే. జాతరల్లో అమ్మే జీళ్ళూ ఆ కుటుంబానివే. బెల్లంలో ఆ విడిపోయిన చక్కెరలు, అంటే గ్లూకోజు, ఫ్రక్టోజు, సహజంగానే కొంత ఉంటాయి కాబట్టి పాకం పలుకు కట్టకుండా సాగుతుంది. గోడ మేకుకు తగిలించి లాగుతూ మడుస్తుంటే గాలి బుడగలు చేరి, ముదురు గోధుమ రంగు లేత బంగారు రంగులోకి తిరుగుతుంది. అతిథులకు ఇవ్వడానికి మాత్రం నేను చిలకనే ఎంచుకుంటాను. అస్తవ్యస్తంగా గడ్డకట్టిన గాజు గాలిలోని తేమను సులువుగా పీల్చి జిడ్డుకడుతుంది. వరుసగా పేర్చుకున్న పలుకు అలా కాదు, గాలిలో తేమ సుమారు 85 శాతం దాటితే తప్ప నీరు పట్టదు. సముద్రపు గాలి వీచే ఊళ్ళలో సారెకు చిలకలే స్థిరపడటానికి ఇదొక మంచి కారణమని నా నమ్మకం. పైగా మరిగే ముదురు పాకం చర్మానికి అంటుకుని లోతుగా కాలుస్తుంది. పిల్లలు చుట్టూ తిరిగే పండగ ఇంట్లో ఆ పని వద్దు.

రంగుల విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. పీచుమిఠాయి నమూనాల్లో బట్టలకు వాడే రోడమిన్-బి అనే రంగు బయటపడ్డాక 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం రంగు కలిపిన పీచుమిఠాయిని నిషేధించింది. మన దేశంలో ఆహారానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే, అవి కూడా కిలోకు 100 మిల్లీగ్రాములు మించకూడదు. గ్రాములో పదో వంతును ఏ వంటింటి చెంచా కొలవగలదు? తెల్ల చిలకే అందం. పిల్లలు పట్టుబడితే శంఖుపుష్పాలు నానబెట్టిన చిక్కని నీళ్ళు అరచెంచా కలుపుతాను. నీలం వస్తుంది, పాకంలో నిమ్మ తగిలితే ఊదాకు మారుతుంది. బీట్‌రూట్ రసం ఎక్కువ వేడికి వెలిసిపోతుంది కాబట్టి దాన్ని పొయ్యి దించాకే వేయాలి.

అచ్చు నుంచి తీసిన బొమ్మలను ఒక రోజంతా గుడ్డ మీద ఆరనివ్వాలి. లోపలి తేమ పోకముందే కవరులో బిగిస్తే ఆ నీరే బొమ్మను కరిగిస్తుంది. పొట్లంలో ఎళ్ళు బెల్ల కూడా వేస్తాం, అందులోని బెల్లం ముక్కలు తేమను పట్టి ఉంచుతాయి కనుక చిలకను వేరే కాగితంలో చుట్టి పొట్లంలో పెడతాం. ఐదేళ్ళలోపు పిల్లల పొట్లాల్లో పల్లీలు, పుట్నాలు వేయం, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

విరిగినవాటిని పారేయనక్కరలేదు. పలుకు కట్టడం మాడటం లాంటిది కాదు, చక్కెర చక్కెరగానే ఉంటుంది, నీళ్ళు పోసి కాస్తే మళ్ళీ పాకమవుతుంది. మొదటి ఏడాది గిన్నెలో బిగుసుకుపోయిన ఆ రాయిని కూడా అలాగే కరిగించి, పళ్ళెంలో బొట్టు చూసి పోశాను. ఈసారి నాలుగు చిలకల ముక్కులు విరిగాయి. వాటిని కరిగిస్తే ఉదయానికి రెండు తులసికోటలు, ఒక ఏనుగు వచ్చాయి.