ట్రెమోలో గిటార్ శ్రుతి తప్పితే నింద బ్రిడ్జి మీదికే ఎందుకొచ్చింది?

గిటారిస్టుల మధ్య పాత తగవు మళ్ళీ రాజుకుంది. ట్రెమోలో, అంటే ఒక బార్ నొక్కి తీగల బిగువు మార్చి శ్రుతిని ఊపే అమరిక, ఉన్న ఎలక్ట్రిక్ గిటార్ శ్రుతిలో నిలవదనీ, నిలవాలంటే తీగల్ని రెండు చివర్లా బిగించేసే లాకింగ్ సిస్టమ్ కొనాల్సిందేననీ ఒక వర్గం. అంత ఖర్చెందుకు, ఎరిక్ క్లాప్టన్ చేసినట్టు వెనక చెక్కముక్క దూర్చి బ్రిడ్జిని (గిటార్ బాడీ మీద తీగలు ఆనే భాగాన్ని) కదలకుండా చేసేస్తే సరిపోతుందని ఇంకో వర్గం. ఇద్దరూ బ్రిడ్జినే దోషిగా చూస్తున్నారు. ఈ గొడవకి అసలు మూలం 1970ల చివర్లో ఉంది.

అప్పట్లో ఫ్లాయిడ్ రోజ్ అనే అమెరికన్ రాక్ గిటారిస్టు, నగల పని కూడా తెలిసినవాడు, బార్ నొక్కిన ప్రతిసారీ శ్రుతి పోతోందని విసిగిపోయి మొదట చెయ్యి వేసింది బ్రిడ్జి మీద కాదు, నట్ మీద, అంటే మెడ పైచివర తీగలు కూర్చునే గాళ్ళ పట్టీ మీద. ఇత్తడితో నట్ చేసి తీగల్ని అక్కడే బిగించేశాడు. బ్రిడ్జి దగ్గర కూడా బిగించడం ఆ తర్వాతి అడుగు. 1979లో పేటెంట్ వచ్చింది. ఈ వరుసే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే జబ్బు ఎక్కడుందో ఆయనకి స్పష్టంగా తెలుసు.

బార్ నొక్కితే తీగ వదులై నట్ గాడిలోంచి ట్యూనర్ (తీగని తిప్పి బిగించే మర) వైపు కొంచెం జారుతుంది. బార్ వదిలినప్పుడు గాడి బిగుతుగా ఉంటే మొత్తం వెనక్కి రాదు, అందుకే శ్రుతి పైకెక్కి ఉంటుంది. తీగని వేలితో పక్కకి గట్టిగా లాగి బెండ్ చేశాక దీనికి ఎదురు జరిగి శ్రుతి దిగుతుంది. ఇందులో బ్రిడ్జి తప్పేముంది?

కానీ 1980ల్లో క్రేమర్ కంపెనీ గిటార్ల మీద, రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్ చేతిలో ఫ్లాయిడ్ రోజ్ సిస్టమ్ కనిపించేసరికి జనానికి కొత్త బ్రిడ్జి ఒక్కటే గుర్తుండిపోయింది. 1978లో వచ్చిన తన మొదటి ఆల్బమ్‌లో ఎడ్డీ వాడింది ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) గిటార్ తరహా మామూలు ట్రెమోలోయే, నట్ గాడుల్లో నూనె వేసుకుని నెగ్గుకొచ్చాడు. ఈ సంగతి ఇప్పటి వాదనలో ఎవరూ ఎత్తడం లేదు.

లాకింగ్ వాళ్ళ మాటలోనూ నిజం ఉంది. తీగలు పూర్తిగా వేలాడేదాకా నొక్కి, మళ్ళీ పైకి లాగి వాయించేవాళ్ళకి దాన్ని మించింది లేదు. అయితే నట్ బిగిస్తే పైనున్న ట్యూనర్లు పనికిరావు, అందుకే తర్వాత బ్రిడ్జి మీద శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే ఫైన్ ట్యూనర్లు పెట్టాల్సి వచ్చింది. తీగ మార్చాలంటే ఆలెన్ కీ కావాలి.

రాపిడి తగ్గించే దారి కూడా అప్పటినుంచే ఉంది. 1985లో పీఆర్ఎస్ అనే గిటార్ కంపెనీ తీగని పట్టి ఉంచే లాకింగ్ ట్యూనర్లతో, స్క్రూల దగ్గర గాడి కోసిన ట్రెమోలోతో వచ్చింది. 1987లో ఫెండర్ స్ట్రాట్ ప్లస్‌కి తీగ దొర్లే రోలర్ నట్ పెట్టింది, అమెరికన్ స్టాండర్డ్ మోడల్‌లో బ్రిడ్జిని పట్టే పాత ఆరు స్క్రూల బదులు అది ఊగే రెండు పివట్‌లు వాడింది. పాత ఆరు స్క్రూల బ్రిడ్జి కూడా మరీ బిగించేస్తేనే ఇరుక్కుంటుంది. వెనక అంచు బాడీకి సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తులో, స్వేచ్ఛగా ఊగేలా ఉంచితే చాలు.

ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నవాళ్ళలో చాలామంది సన్నటి 9 గేజ్ తీగలకి కోసిన నట్‌లో కాస్త లావుగా ఉండే 10 గేజ్ వేసుకుని, గాడి తీగని పట్టేస్తుంటే బ్రిడ్జిని తిడుతున్నారు. ట్యూనర్ తిప్పేటప్పుడు నట్ దగ్గర టింగ్‌మని చప్పుడు వస్తే దోషం అక్కడే. ముందు గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ రుద్ది చూడండి, తగ్గకపోతే నట్ ఫైల్ చేయడం వచ్చిన మనిషికి గిటార్ ఇవ్వండి. దానికయ్యేది లాకింగ్ సెట్ ధరలో చిన్న వంతే.