కళింగపట్నం బయల్దేరే ముందు

శ్రీకాకుళం

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

వచ్చే ఆదివారం తెల్లారుజామునే లేచి, అయిదుగురూ సైకిళ్ల మీద కళింగపట్నం సముద్రం దాకా వెళ్లొస్తామన్నారట. మీ అమ్మలు ఫోన్ చేసి, "మీరైనా వద్దనండి, మీ మాటైతే వింటారు" అన్నారు. నేను వద్దనను. రానూపోనూ యాభై, అరవై కిలోమీటర్లు మీ వయసుకి ఒక లెక్కలోది కాదు. కాకపోతే ఆ రోడ్డు మీ ఒక్కరిదే కాదు కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే "సరే తాతా, సరే సరే" అని పెట్టేస్తారు. ఉత్తరమైతే అయిదుగురిలో ఒకరైనా చివరిదాకా చదువుతారని ఆశ.

రాసేదంతా ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. మరుక్షణం మీరేం చేయబోతున్నారో రోడ్డు మీద మిగతావాళ్లకి ముందే తెలియాలి. బస్సు డ్రైవరుకి మీ మీద పగేమీ ఉండదు. మీరు తిన్నగా పోతారా, గొయ్యి చూసి కుడికి లాగేస్తారా అన్నది అతనికి తెలియదు, అదే చిక్కు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బస్సు ఒక్క సెకనులో 16, 17 మీటర్లు వచ్చేస్తుంది. మీరు లాగింది అతని కంటపడి, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికే ఆ దూరం అయిపోతుంది. బస్సు ఆగడం ఆ తర్వాతి సంగతి. అందుకే గొయ్యి అంత దూరాన ఉండగానే చూసుకోవాలి, మెల్లగా పక్కకి జరగాలి. దగ్గరికొచ్చాక ఒక్కసారిగా హ్యాండిల్ తిప్పడం కంటే, వేగం తగ్గించి గొయ్యిలోంచే పోవడం నయం. రిమ్ము వంగితే బాగు చేయించుకోవచ్చు.

మొన్న మీలో ఒకరు హైవే సర్వీసు రోడ్డు మీద కుడివైపున, ఎదురు వెళ్తుంటే చూశాను. ఎవరో ఇక్కడ రాయనులే. అడిగితే, "ఎదురొచ్చే బండి కళ్లకి కనిపిస్తుంది కదా తాతా, వెనక వచ్చేది కనబడదు" అన్నారు. తెలివైన మాటే, లెక్కే కుదరలేదు. మీరు 15 కిలోమీటర్ల వేగంతో, బస్సు 60తో ఒకే దిక్కున వెళ్తుంటే, బస్సు మిమ్మల్ని తరుముకొచ్చేది 45 వేగంతో. మధ్యలో 50 మీటర్లు ఉంటే, అది మిమ్మల్ని చేరడానికి 4 సెకన్లు పడుతుంది. ఎదురెదురుగా అయితే రెండు వేగాలూ కలిసి 75. అదే 50 మీటర్లు రెండున్నర సెకన్లు కూడా రావు. పైగా వెనక వచ్చేవాడు చోటు దొరక్కపోతే మీ వేగానికి తగ్గి కాసేపు మీ వెనకే రాగలడు, ఎదురొచ్చేవాడికి ఆ వీల్లేదు. సందులోంచి రోడ్డెక్కేవాడు కూడా ముందు కుడివైపు చూస్తాడు, మన దేశంలో బళ్లు అటునుంచే వస్తాయి గనక. ఎడమ నుంచి వచ్చే మీరు అతని లెక్కలోనే ఉండరు. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవాళ్లు మాత్రం ఎదురొచ్చే బళ్లని చూసుకుంటూ కుడివైపు నడవడమే మంచిది. వాళ్లు అవసరమైతే ఒక అడుగు పక్కకి వేస్తారు. సైకిలు పక్కకి అడుగు వేయలేదు.

ఎడమవైపు అన్నానని తారు అంచు పట్టుకుని తొక్కకండి. ఇసుక, కంకర, గాజుపెంకులు, అన్నీ అక్కడికే చేరతాయి. మన పల్లె రోడ్లకి తారు మీద తారు వేసుకుంటూ పోవడంతో అంచు దగ్గర నాలుగు వేళ్ల ఎత్తున మెట్టులా తేలి ఉంటుంది. చక్రం అక్కడ జారి మట్టిలోకి దిగితే, దిగడం వల్ల ఏమీ కాదు. వెంటనే ఏటవాలుగా మళ్లీ పైకి ఎక్కించబోతారు చూడండి, అప్పుడు ముందు చక్రం ఆ మెట్టుకి రాసుకుని తిరగదు, మీరు కుడివైపుకి, అంటే సరిగ్గా బళ్లొచ్చే వైపుకి పడతారు. జారితే మట్టిలోనే పోనివ్వండి, మెల్లగా ఆపండి, సైకిలెత్తి రోడ్డు మీద పెట్టుకోండి. అసలు అంచు నుంచి మూర, మూరన్నర లోపల తొక్కితే ఈ బాధ రాదు.

ఇరుకు కల్వర్టుల దగ్గర, వంతెనల మీద ఇంకొంచెం లోపలికి రావాలి. అంచుకి అతుక్కుపోతే వెనకవాడికి "పట్టేస్తుందిలే" అనిపిస్తుంది, దూరతాడు. ఎదురుగా ఇంకో బండి వస్తే మీరు పిట్టగోడకీ వెనకనుంచి దూరినవాడి బండికీ మధ్య ఇరుక్కుంటారు. కాబట్టి కల్వర్టు ఇంకా కొంత దూరం ఉండగానే వెనక్కి చూసి, కుడి చేయి చాపి, ఖాళీ దొరికాక మీ వైపు రోడ్డు మధ్యకి వచ్చేయండి. ఆ నాలుగు గజాలు అతను మీ వెనకే రావాలి. హారన్ కొడతాడు, కొట్టనివ్వండి. కంగారుపడి అంచుకి లాగేయకండి. దాటగానే ఎడమకి తప్పుకుని, చేయెత్తి వెళ్లమని చెప్పండి. ఆ చేయెత్తడం మర్చిపోకండి. చోటు తీసుకున్నవాళ్లు తిరిగి ఇచ్చేయాలి. మామూలు రోడ్డు మీదైనా వెనక రెండు మూడు బళ్లు చేరి దాటలేక అవస్థ పడుతుంటే, వెడల్పున్న చోట ఒక నిమిషం ఆగండి. మీదేం తీర్థయాత్ర ముహూర్తం కాదు.

వెనక్కి చూడ్డం తేలిక అనుకుంటారు. తల ఎటు తిరిగితే భుజం అటు లాగుతుంది, భుజం లాగితే హ్యాండిల్ తిరుగుతుంది. శనివారం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఒక గీత గీసుకుని, దాని మీద తొక్కుతూ తల తిప్పి వెనక ఉన్నవాళ్లు ఎన్ని వేళ్లు చూపిస్తున్నారో చెప్పండి. గీత దాటకుండా చెప్పగలిగేదాకా చేయాలి. చేయి చాపడంలోనూ ఓ కిటుకుంది. మన సైకిళ్లకి మామూలుగా కుడి చేతి బ్రేకు ముందు చక్రానికి, ఎడమ చేతిది వెనక చక్రానికి ఉంటుంది. మీ సైకిలుకి ఏది దేనికో నొక్కి చూసుకోండి. కుడి చేయి చాపినప్పుడు మీ దగ్గర ఒక్క బ్రేకే మిగులుతుంది. అందుకని మలుపుకి ముందే చేయి చూపించి, మళ్లీ హ్యాండిల్ పట్టుకుని, అప్పుడు తిరగాలి. చేయి చాపుకునే తిరగడం సినిమాల్లో బాగుంటుంది. ఏడు రోడ్ల జంక్షన్‌లాంటి చోట్ల రద్దీగా ఉంటే ఈ విద్యలేవీ వద్దు. దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటండి. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇప్పుడు అరసవిల్లి సంగతి. మీరు బయల్దేరేది ఆదివారం, అందులోనూ మాఘమాసం. సూర్యనారాయణమూర్తి దర్శనానికి తెల్లారకముందు నుంచే జనం ఉంటారు. చంకలో పిల్లలు, చేతిలో కొబ్బరికాయలు, దృష్టంతా గుడి వైపే. అక్కడ లారీ మీరే. బస్సు మీకు ఎంత భయమో, గంటకి 20 కిలోమీటర్ల మీద చప్పుడు లేకుండా వెనకనుంచి వచ్చే గేరు సైకిలు ఆ ముసలమ్మకి అంత భయం. కొంచెం దూరం నుంచే బెల్లు రెండుసార్లు మెల్లగా కొట్టండి. పక్కకి వచ్చాక ట్రింగ్ మనిపిస్తే ఉలిక్కిపడి సరిగ్గా మీ చక్రం మీదికే జరుగుతారు. తప్పుకోకపోతే మీరే ఆగండి. వేలకి వేలు పోసి కొన్న ఆ సైకిళ్లకి బెల్లు లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు. ఉన్నదల్లా పేరే. బెల్లుకి పెద్ద ఖర్చేం కాదు, కొనుక్కోండి.

బస్సు స్టాపులో ఆగి ఉంటే దానికీ రోడ్డు అంచుకీ మధ్య దూరకండి. మెట్లు ఉండేది ఆ పక్కనే. దిగేవాళ్లు కిందకి చూసుకుంటారు గానీ మీ కోసం చూడరు. ఓపిగ్గా వెనక ఆగితే అర నిమిషం. లారీలూ, టిప్పర్లూ ఎడమకి తిరుగుతున్నప్పుడు పక్కన ఉండడం ఇంకా ప్రమాదం. ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఎత్తున కూర్చున్న డ్రైవరుకి ఆ ఎడమ పక్కన ఆనుకుని ఉన్నవాళ్లు కనబడరు. అద్దంలో డ్రైవరు మొహం మీకు కనిపించడం లేదంటే మీరూ అతనికి కనిపించడం లేదన్నమాటే. ఆటో అయితే, రోడ్డు పక్కన చేయెత్తినవాళ్లు ఉన్నారేమో మీరే ముందు చూడాలి. ఆటో అక్కడ ఆగడం ఖాయం, సిగ్నల్ ఇస్తుందన్న హామీ లేదు. ఆగి ఉన్న కార్ల పక్కన తలుపు తెరుచుకునేంత దూరం వదలండి.

గార ఊరు దాటాక బళ్లు పలచబడతాయి, మీకు కబుర్లు మొదలవుతాయి. ఇద్దరిద్దరు పక్కపక్కన తొక్కుతారని తెలుసు. రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉన్నంతసేపు సరే. మలుపు వచ్చినా, వెనక చప్పుడు వినబడినా ఒకరి వెనక ఒకరు రావాలి. అందరికన్నా చివర గట్టిగా తొక్కేవాళ్లు ఉండాలి. "వెనక బండి" అని అరవడం వాళ్ల పని, "గొయ్యి" అని అరవడం ముందువాళ్ల పని. మధ్యవాళ్లు ఆ మాట అందించాలి. మీ ముందు చక్రం ఎదుటివాళ్ల వెనక చక్రం పక్కకి పోకూడదు. రెండూ తగిలితే పడేది వెనకవాళ్లే. ఒక సైకిలు పట్టేంత ఎడం ఉంచుకోండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టినవాళ్లకి ఈ అరుపులేవీ వినిపించవు కాబట్టి అవి ఇంట్లోనే వదిలేసి రండి.

ఆ పల్లెల దగ్గర ఇంకోటి ఎదురవుతుంది. సంక్రాంతి వెళ్లాక ఉలవ చేలు కోసి, ఆ తీగంతా తెచ్చి రోడ్డు మీద పరుస్తారు. బళ్లు తొక్కితే కాయలు పగిలి గింజ రాలుతుంది. దూరానికి ఏదో గడ్డిలా మెత్తగా కనిపిస్తుంది. దాని మీదికి సైకిలు పోనిస్తే కింద రాలిన గింజలు టైరు కింద గోళీల్లా దొర్లుతాయి, బ్రేకు వేశారా చక్రం జారిపోతుంది. ఎండిన తీగ చైనుకి చుట్టుకుంటే మరీ కష్టం. వెనక గేరు దగ్గర ఒక్క పోగు దూరినా పెడలు బిగుసుకుపోతుంది, లాగితే తెగదు, వెనక్కి తిప్పి ఒక్కో పోగే తీయాలి. ధాన్యం ఆరబోస్తే చుట్టూ రాళ్లు పేరుస్తారు, మసక వెలుతురులో అవి కనబడవు. రోడ్డు మీద నూర్పు తప్పే, నేను సమర్థించను. కానీ కళ్లం లేనివాళ్లు ఎక్కడ నూర్చుకుంటారు? వాళ్లతో వాదన పెట్టుకోకండి. దిగి, పక్కనుంచి నడిపించుకుంటూ వెళ్లండి. "ఏ ఊరు బాబూ మీది?" అని పలకరిస్తారు, సమాధానం చెప్పి కదలండి.

ఈ రోజుల్లో ఉదయం ఆరున్నర దాకా మంచు పడుతోంది. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు లేకుండా చీకట్లో బయల్దేరితే నేనే వెనక్కి పంపేస్తాను. చూడ్డానికి బాగోలేవని పీకేసిన రిఫ్లెక్టర్లు మళ్లీ బిగించండి. మోటారు సైకిలుకి ఉన్నట్టు సైకిలుకి హెల్మెట్ పెట్టుకోవాలన్న చట్టం మనకి లేదు, అయినా పెట్టుకోండి. నుదురు కనబడేలా వెనక్కి తోసి పెడితే పెట్టనట్టే. కనుబొమలకి రెండు వేళ్ల పైన ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. మంచుకి రిమ్ములు తడిస్తే బ్రేకు మొదట పట్టదు. ఆపాల్సిన చోటుకి కాస్త ముందు నుంచే ఒకటి రెండుసార్లు మెల్లగా నొక్కితే తడి తుడుచుకుపోయి, తర్వాత పడుతుంది.

వచ్చేటప్పుడు అలసిపోయి, హైవే మీదుగా వస్తే నున్నగా ఉంటుందని ఎవరో ఒకరు అంటారు. వద్దు. ఆ 16వ నెంబరు రోడ్డు చెన్నై, కోల్‌కతాల మధ్య పోయే లారీలకి. వెళ్లిన దారినే రండి. ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు 108కి ఫోన్ చేయండి, తర్వాత నాకు, ఆ తర్వాత మీ అమ్మలకి. ఈ వరస మీ అమ్మలకి చెప్పొద్దు.

శనివారం సాయంత్రం అయిదింటికల్లా సైకిళ్లన్నీ మా వాకిట్లోకి తీసుకురండి. గాలీ, బ్రేకు రబ్బర్లూ నేను చూస్తాను. పంక్చర్ సామాను, పంపు ఎవరు మోస్తారో మీలో మీరు తేల్చుకోండి. చద్దన్నం మాట అమ్మమ్మతో మాట్లాడాను, ఆవకాయ బద్దలతో సహా కట్టి ఇస్తానంది.

ఇట్లు,
మీ తాత