పైకి పోయిన త్రాసుకు పాసంగం

బుజ్జమ్మకూ చిన్నబ్బయ్యకూ తాత ఆశీస్సులు.

మొన్న శ్రీహరికోట షార్ నుంచి రాకెట్ లేస్తుంటే మిద్దెక్కి చూస్తా బుజ్జమ్మ అడిగిందంట గదా, "పైనున్న మిషను సరిగ్గా చూపిస్తా ఉందో లేదో కిందోళ్లకి ఎట్ట తెలుస్తుంది?" అని. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ప్లాంక్ అనే యూరప్ ఉపగ్రహం సంగతి చెబుతా, వినండి.

2009 మే 14న దాన్ని దక్షిణ అమెరికాలోని కురూ నుంచి పంపారు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి, విశ్వం పుట్టిన తొలినాళ్ల వెచ్చదనం ఆకాశంలో ఎంత మిగిలిందో రేడియో తరంగాల్లో కొలిచింది. మిగిలింది 2.7 కెల్విన్‌లే, అంటే దాదాపు మైనస్ 270 డిగ్రీల చలి. అందులో చోటుకూ చోటుకూ ఉండే తేడా ఆ వెచ్చదనంలో లక్షో వంతు లెక్కన ఉంటుంది.

బుచ్చిరెడ్డిపాలెంలో మా నాయనకు బియ్యం కొట్టుండేది. పొద్దున్నే తలుపు తీయగానే ఖాళీ త్రాసు పైకెత్తి, ముల్లు నిలకడగా నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఒక తట్ట తేలితే దానికి చింతగింజో, చిన్న రాయో కట్టేవాడు. అదే పాసంగం. అది కట్టకుండా మొలగొలుకులు ఒక్క సేరు కూడా తూచనిచ్చేవాడు కాదు. ఎదుటివాడి గింజ మన ఇంట్లో ఉండకూడదనేవాడు. పిల్లలూ, ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ప్లాంక్‌లో ఒక పరికరానికీ రెండు తట్టలుండేవి. ఒక దాంట్లో ఆకాశం, ఇంకో దాంట్లో సుమారు 4 కెల్విన్‌ల దగ్గర చల్లగా ఉంచిన దిమ్మె. సెకనుకు 4096 సార్లు ఇటూ అటూ మార్చి చూసేది. లోపల సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్ కాస్త అటూ ఇటూ అయినా రెండు తట్టలూ కలిసే కదులుతాయి కాబట్టి, ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే ఆ చలనం పోతుంది. కానీ 2.7, 4 ఎప్పటికీ సమం కావు గదా! అక్కడ సాఫ్ట్‌వేర్ పాసంగం కట్టేది. దిమ్మె లెక్కను ఒక అంకెతో గుణించి తీసేసేది. ఆ అంకెను వచ్చిన కొలతల్లోంచే కట్టేవాళ్లు. ఇటలీలోని ట్రియెస్ట్‌లో కూర్చున్నవాళ్లు రోజూ దిగివచ్చే లెక్కల్లో ముల్లు ఎటు వాలుతోందో చూస్తుండేవాళ్లు.

మరి ముద్ర వేసిన తూకపు రాయి ఏది? ఇది వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మన భూమే! సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లు పరుగెత్తుతుంది, దాంతోపాటు ప్లాంకూ. పోయే వైపు ఆకాశం రవ్వంత వెచ్చగా, వెనకవైపు రవ్వంత చల్లగా కనిపిస్తుంది. భూమి వేగం మనకు బాగా తెలుసు కాబట్టి ఆ తేడా ఎంతుండాలో ముందే లెక్క కట్టొచ్చు. నిమిషానికోసారి తన చుట్టూ తాను తిరుగుతూ ప్లాంక్ ఆ రెండు వైపులూ చూసేది. లెక్కకు వచ్చినంత తేడా కనిపించిందా లేదా అన్నదాన్ని బట్టి దాని కొలతను సరిచేశారు.

రేపు అంగడికి పోయినప్పుడు, బియ్యం పోయకముందు కాటా మీద సున్నా ఉందో లేదో చూడండి. లేకపోతే కొట్టాయన ఏ బటన్ నొక్కుతాడో గమనించి నాకు రాయండి.

మీ తాత