52 అని రాసి ఉంటే 16లో ఎందుకు కొట్టావు తాతా?

బుజ్జీ, నీతో కలిసి ఇది చదివే మిగతా పిల్లలూ,

ఏరువాక పున్నమి నాడు ఫోన్ చేసి నువ్వడిగిన మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "తాతా, డిస్క్ మీద 52ఎక్స్ అని అంత పెద్దగా రాసి ఉంది కదా, నువ్వేమో 16 పెట్టావు, ఎందుకు?" అన్నావు. వేసవి సెలవుల్లో అవ్వ పాటలు పద్నాలుగు ఫోన్‌లో రికార్డు చేసి, మీ నాన్న పాత కారులో వినడానికి మనిద్దరం సీడీ చేశాం చూడు, దాని సంగతే. ఆ అంకెలు డిస్కు మీద పాటలు రాసే వేగాలు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదది, అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ నిన్న రాత్రి మంచి వాన పడింది, పొద్దున్నే మన చేలో విత్తనాలు వేసే గొర్రు కట్టారు, దాన్ని చూస్తూ ఉంటే నీకెలా చెప్పాలో కూడా తోచింది.

మా చిన్నప్పుడు వేరుశనగ వేసేటప్పుడు నాయన గొర్రు తోలేవాడు. వెనకాల అమ్మ ఒడి నిండా విత్తనాలు పోసుకుని, పిడికిలి సందులోంచి ఒక్కొక్కటే జారేలా గొర్రుకున్న గరాటులాంటి జడ్డిగంలోకి వదులుతూ నడిచేది. ఎద్దుల నడకా అమ్మ చెయ్యీ ఒకే లెక్కలో సాగాలి. ఎద్దులు బెదిరి పరిగెత్తాయా, విత్తనాలు దూరదూరంగా పడతాయి. ఎద్దులు మరీ ఈడ్చుకుంటూ నడిచాయా, ఒకేచోట గుప్పెడు పడి మొలకలు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. ఎద్దులు ఎంత జోరుగా పోగలవు అని ఎవరూ చూడరు, అమ్మ చేతికి ఏ నడక సరిపోతుందో అదే చూస్తారు.

సీడీ కూడా అలాంటి చేనే. పైకి అద్దంలా నున్నగా కనిపిస్తుంది గానీ, ఖాళీ డిస్కులో సాలు ముందే తీసి ఉంటుంది, ఫ్యాక్టరీలోనే. లోపలి రంధ్రం పక్క నుంచి మొదలై చుట్టలు చుట్టుకుంటూ బయటి అంచు దాకా ఒకటే సాలు. పక్కపక్క సాళ్ల మధ్య దూరం 1.6 మైక్రాన్లు, అంటే నీ తలవెంట్రుక మందంలో నలభై సాళ్ల దాకా పడతాయి. ఆ చుట్టంతా విప్పి నేల మీద పరిస్తే ఐదు కిలోమీటర్లు దాటుతుంది, మన ఊరి నుంచి రైల్వే గేటు దాకా వస్తుంది బుజ్జీ! ఆ సాలు మీద సన్నటి రంగు పూత ఉంటుంది. లేజర్ దాని మీద నడుస్తూ ఇక్కడ కాల్చి, ఇక్కడ వదిలి, మళ్లీ కాల్చి పోతుంది. కాలినచోట వెలుగు తక్కువగా తిరిగొస్తుంది, కాలనిచోట ఎక్కువగా. ఆ తేడాలోనే అవ్వ గొంతు ఉంది. ఇందుకే సీడీ కాల్చడం అంటారు, మన దగ్గరైతే సీడీ కొట్టడం అంటాం.

ఇప్పుడు ఆ 52 సంగతి. 1ఎక్స్ అంటే సెకనుకు 150 కిలోబైట్లు, మామూలుగా పాట పాడే వేగం అనుకో. 80 నిమిషాల సీడీని ఆ వేగంలో రాస్తే 80 నిమిషాలూ పడుతుంది. 16ఎక్స్‌లో ఐదు నిమిషాలు. 52లో మూడు నిమిషాల లోపే. అయితే 52 అని రాసినా డిస్క్ మొత్తం ఆ వేగంలో నడవదు, లోపల 20 చిల్లరతో మొదలై అంచు దగ్గరికి పోయేసరికి 52 అందుకుంటుంది. అప్పుడు డిస్క్ నిమిషానికి పది వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఆ ఊపులో డిస్క్ ఏమాత్రం వంకరగా ఉన్నా, డిస్కు రాసే పెట్టె, అదే డ్రైవ్, కొంచెం పాతబడినా, లేజర్ కాల్చే చుక్క ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా పడుతుంది. ఎద్దులు పరిగెత్తడమంటే ఇదే. డిస్క్ మీద రాసిన అంకె ఆ డిస్క్ తట్టుకోగలిగిన గరిష్ఠ వేగం, అంతేగానీ ఆ వేగంలోనే రాయాలని కాదు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. 2007లో అనుకుంటా, పెళ్లిళ్ల సీజన్, మన స్టూడియోలో రాత్రింబవళ్లూ పని. పొద్దున్నే ఐదు డీవీడీలు ఇవ్వాలి, మనుషులొచ్చి బెంచీ మీద కూర్చున్నారు, టెన్షన్‌లో 16ఎక్స్ పెట్టి టకటకా కొట్టిచ్చేశాను. డీవీడీ లెక్క వేరు బుజ్జీ, సీడీకి 16 నిదానమే గానీ ఆ డీవీడీలకు అదే గరిష్ఠ వేగం. నెల తర్వాత పెళ్లికూతురి నాయన ఆ డిస్కును తువ్వాలులో చుట్టి పట్టుకొచ్చాడు. "తలంబ్రాల దాకా బాగానే ఉంది సామీ, అప్పగింతల కాడికొచ్చేసరికి బొమ్మ ముక్కలు ముక్కలై నిలబడిపోతాంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డీవీడీ కూడా లోపలి నుంచే మొదలవుతుంది కదా, పెళ్లిలో చివర జరిగే అప్పగింతలు డిస్కులోనూ చివరికి, అంచుకు వస్తాయి, వేగం పైకెక్కేదీ తప్పులు ఎక్కువ పడేదీ సరిగ్గా అక్కడే. కూతుర్ని పంపిన ఘడియ, ఆ తండ్రి చూసుకోవాలనుకున్న ఒక్క ఘడియ, నా తొందరలో పోయింది. అసలు క్యాసెట్లు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాం. వీడియోను కొంచెం కుదించి, అంచున కాస్త జాగా వదిలి, 8ఎక్స్‌లో మళ్లీ రాసి, వేరే ప్లేయర్‌లో ముందు చివరి ఐదు నిమిషాలే వేసి ఆయనకు చూపించి పంపాను. అంత తొందరపడితే ఒక్కో డిస్కుకు మిగిలింది రెండు మూడు నిమిషాలు. పిల్లలూ, మనం చేసిచ్చేది అవతలివాళ్లకు ఎంత విలువైనదో మనకు తెలియదు, అందుకే చేసిన ప్రతిసారీ చివరిదాకా చూసివ్వాలి.

అలాగని 1ఎక్స్‌కో 2ఎక్స్‌కో దింపితే మరీ బాగుంటుందనుకోవద్దు, చాలామంది పెద్దవాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు. ఈ కాలపు డిస్కుల పూత జోరుగా పోయే లేజర్ కోసం కలిపిన పూత. మరీ నిదానంగా పోతే వేడి ఒకేచోట నిలిచి చుక్కలు పాకిపోవచ్చు. అమ్మ పిడికిలి తెరిచే ఉంది, ఎద్దులేమో కదలడం లేదు, అలాగన్నమాట. చాలా కొత్త డ్రైవ్‌లు అంత తక్కువ వేగాన్ని చూపించనే చూపించవు. నేను పాటించే లెక్క ఏమిటంటే, 52 అని ఉన్న సీడీకి 16 నుంచి 24, 16 అని ఉన్న డీవీడీకి 8. అదీ ఆ డ్రైవ్‌లో, ఆ రకం డిస్కుతో ఒకటి కొట్టి చూసుకున్నాకే.

ఇంకో ముచ్చట. విత్తే ముందు నాయన చేలో వంగి పిడికెడు మట్టి తీసి, ఉండ చేసి కింద వదిలేవాడు. ఉండ అలాగే ఉంటే తడి ఎక్కువ, పొడిపొడిగా రాలితే తడి చాలదు, మెత్తగా విరిగితే పదునొచ్చిందని లెక్క. డ్రైవ్ కూడా అదే పని చేస్తుంది! డిస్కులో పాటలు మొదలయ్యే చోటుకన్నా లోపల దీనికోసమే ఒక చిన్న జాగా ఉంటుంది, రాయడం మొదలుపెట్టే ముందు అక్కడ లేజర్‌ను తక్కువగా, ఎక్కువగా వెలిగించి చూసుకుని, ఈ పూతకు ఎంత వేడి చాలునో తేల్చుకుంటుంది. ఎవరో ఎక్కడో గదిలో కూర్చుని ఒక యంత్రానికి పదును చూడటం నేర్పించారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఒడి ఖాళీ అయిన కథ చెప్పలేదు కదూ. నాకప్పుడు తొమ్మిదేళ్లు. గట్టు మీది గంపలోంచి విత్తనాలు తెచ్చి అమ్మ ఒడి నింపడం నా పని. తొలకరి పడిన మర్నాడు, గట్టంతా ఎర్రటి ఆరుద్ర పురుగులు, మఖమల్ ముక్కల్లా పాకుతున్నాయి. నేను వాటిని అగ్గిపెట్టెలో వేసుకుంటూ కూర్చున్నాను. అమ్మ పిలిచింది, నాకు వినపడలేదు. ఎద్దులు ఆగలేదు, ఒడి ఖాళీ అయింది, గొర్రు మాత్రం ముందుకు పోయింది. నాయన ఆ రోజు ఏమీ అనలేదు. వారం తర్వాత మొలకలొచ్చాక చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, పచ్చటి సాళ్ల మధ్య పది బారల ఎర్రమట్టి చూపించాడు. కోతల దాకా అది అలాగే ఉంది.

తొలి రోజుల్లో సీడీలు పాడైంది సరిగ్గా ఇలాగే. కంప్యూటర్ పాటను అందించడం ఒక్క క్షణం ఆలస్యమైతే డ్రైవ్ ఒడి, అదే బఫర్ అంటారు, ఖాళీ అయ్యేది, డిస్కు పనికిరాకుండా పోయేది. 2000 ప్రాంతంలో జపాన్ కంపెనీ శాన్యో బర్న్ ప్రూఫ్ అని ఒక ఉపాయం తెచ్చింది: ఒడి ఖాళీ కాబోతుంటే లేజర్ ఆగి, ఆగిన చోటును గుర్తుపెట్టుకుని, నిండగానే అక్కడి నుంచే అందుకుంటుంది. ఇప్పుడు అన్ని డ్రైవ్‌లలోనూ ఇలాంటిది ఉంది. అయినా రాసేటప్పుడు నిన్ను కంప్యూటర్‌లో ఆటలు ఆడొద్దన్నది అందుకే.

ఏ డిస్కు కొనాలి అని కూడా అడిగావు. పాత కారు, భజన మందిరంలో ఉన్న పాత ప్లేయర్, వీటికి ఒక్కసారే రాయగలిగే సీడీ ఆర్ ఒక్కటే నమ్మకం, దాన్ని కూడా డేటా డిస్కులా కాకుండా ఆడియో సీడీగా రాసి, చివర్లో ఫైనలైజ్ చేయాలి. విత్తాక గుంటక తోలి సాళ్లు కప్పేస్తామే, అదే ఫైనలైజ్. కప్పకపోతే పాత ప్లేయర్లకు అందులో ఏముందో కనపడదు. ఆర్ డబ్ల్యూ అని ఉన్నది చెరిపి మళ్లీ రాసుకునే డిస్కు, మళ్లీ మళ్లీ నారు పోసే మడిలాంటిది. దాని మీద నుంచి వెలుగు చాలా తక్కువగా తిరిగొస్తుంది కాబట్టి పాత ప్లేయర్లు చదవలేవు. దాచుకునే పాటకు అది వద్దు. డీవీడీలో మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అని రెండున్నాయి, రెండు ఊళ్ల గొర్రుల్లాంటివి, సాలు తీసే పద్ధతిలోనే తేడా. మైనస్ 1997లో పయనీర్ వాళ్లు తెచ్చింది, ప్లస్ 2002లో వచ్చింది. రెండిట్లోనూ 4.7 జీబీ పడుతుంది. ఇప్పటి డ్రైవ్‌లు రెండూ రాస్తాయి, పాత ప్లేయర్ అయితే మాత్రం మైనస్ ఆర్ తీసుకో.

ఒక్కటి మరిచిపోవద్దు. సీడీలో పాట ఉండే పొర మెరిసే వైపు లేదు, పేరు రాసే వైపు, పల్చటి వార్నిష్ కిందే ఉంది. మెరిసే వైపు సన్నటి గీత పడ్డా చాలాసార్లు పాడుతుంది, పేరు వైపు గీసుకుంటే పాట పోయినట్టే. కాబట్టి బాల్‌పెన్నుతో అవ్వ పేరు రాయకు, మెత్తటి మార్కర్‌తో లోపలి రంధ్రం చుట్టూ, పాట లేని జాగాలో రాయి. కారు అద్దం దగ్గర ఎండలో వదలకు, ఆ పూతకు ఎండ పడదు.

రేపు పొద్దున ఆ సీడీ తీసి, అంచులు మాత్రమే పట్టుకుని, కిటికీ వెలుగులో కొంచెం వంచి చూడు. ముందు ఇంద్రధనుస్సు కనిపిస్తుంది, వెంట్రుకలో నలభై సాళ్లని చెప్పానే, ఆ సాళ్లే ఆ రంగులు విరజిమ్ముతాయి. ఇంకొంచెం వంచు. లోపలి నుంచి సగానికి పైగా ఒక రంగు, అంచున చిటికెన వేలి గోరంత వెడల్పున ఇంకో రంగు కనపడతాయి. మనం రాసింది 50 నిమిషాలే, ఆ అంచు ఇంకా విత్తని బీడు. రెండు రంగులు కలిసేచోట అవ్వ పద్నాలుగో పాట ముగుస్తుంది, ఆ పాట చివర ఆమె దగ్గి, "ఇంక చాల్లే" అని నవ్వింది కదా, అది ఆ గీత పక్కనే ఉంది. అది కనపడిందో లేదో నాకు రాయి. వచ్చే సెలవులకు వచ్చేటప్పుడు ఇంకో ఖాళీ డిస్కు తెచ్చుకో, అవ్వ దగ్గర దంచుడు పాటలు ఇంకా మిగిలున్నాయట.

మీ తాత